పావు మందు

మా వదినకి కాళ్ళలో చక్రాలున్నాయని మా అమ్మ అనేది. పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే, నలుగురూ కూర్చుని మాట్లాడుతుంటే, లేచి వెళ్ళి కిర్రుమంటున్న తలుపు బందుకి నూనె వేసొచ్చింది. ఇప్పటికీ అంతే. అన్నం తింటూ మధ్యలో రెండుసార్లు లేస్తుంది. సినిమాకి తీసుకెళ్తే ఇంటర్వెల్ దాకా ఓపిక పడుతుంది, ఆ తర్వాత గ్యాస్ కట్టేశానా లేదా అని నా ప్రాణం తీస్తుంది. ఆవిడ మా అన్నయ్య భార్య, పైగా మా ఇద్దరిదీ ఒకే ఆస్పత్రిలో ఉద్యోగం. పుట్టింటికి వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా నాకు తప్పించుకునే దారి లేదు.

మాది చర్మవ్యాధుల ఆస్పత్రి. నేను మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చుంటాను. నా వెనక గోడకి అవతల మందులు కలిపే గది. నడుమెత్తు బల్ల, దాని మీద మందపాటి గాజు పలక, రెండు వెడల్పాటి స్టీలు చాకులు, ఒక తూకం, గోడకి పాత పెద్ద డాక్టరు ఏది ఎంత కలపాలో స్వయంగా రాసి అతికించిన అట్టముక్క. ఇరవై రెండేళ్ళుగా ఆ గది మా వదినది. చాకులు గాజు మీద గీరుకునే చప్పుడు ఆగిందంటే లోపల ఎవరికో అక్షింతలు పడుతున్నాయని అర్థం.

పావు మందంటే ఏమిటో ముందే చెప్పేస్తాను. లేకపోతే మధ్యలో ఆపి అడుగుతారు, నాకు చిరాకు. స్టెరాయిడ్ క్రీము అని ఒకటుంటుంది. దురదని, మంటని, ఎరుపుని ఇట్టే అణిచేస్తుంది. మంచి మందే. కానీ ఘాటు రకాన్ని అదేపనిగా రాస్తే చర్మం పలచబడిపోతుంది, లోపలి సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. పెద్దవాళ్ళ మడమ తట్టుకున్నది చంటిపిల్లల బుగ్గ తట్టుకోలేదు. అందుకని పాత పెద్ద డాక్టరు ఒక పద్ధతి పెట్టారు. ఒక పాలు ఘాటు క్రీముకి మూడు పాళ్ళు ఉత్త క్రీము, అంటే మందు లేనిది, గాజు పలక మీద కలిపి చిన్న డబ్బాల్లోకి ఎత్తాలి. అదే పావు మందు. అది కలిపేది మా వదిన కాబట్టి ఆస్పత్రిలో అందరూ ఆవిణ్ణి పావమ్మ అంటారు. మనిషిని చూస్తే నాలుగు పావులూ దాటి ఇంకో రెండుంటుంది. ఆ మాట నేనంటే నవ్వుతుంది. ఇంకెవరైనా అంటే వాళ్ళ డబ్బా రెండు రోజులు ఆలస్యమవుతుంది.

పని మాత్రం ఒప్పుకుని తీరాలి. చెయ్యి తిరిగిన మనిషి. తూకం ముల్లు ఊగుతుండగానే ఎంత తియ్యాలో ఎంత వెయ్యాలో ఆవిడ చేతికి తెలిసిపోతుంది. కలపడం అయ్యాక చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తుంది. గరుకు తగిలితే మళ్ళీ మొదలు. అలా మూడోసారి కలుపుతుండగా కూడా చూశాను నేను.

ఒక్కటే జబ్బు. సలహాలు. నేను కిటికీలోంచి డబ్బా ఇస్తుంటే వెనక తలుపులోంచి తల బయటికి పెట్టి మొదలెడుతుంది. "ఏమ్మా, రోజుకొక్కసారని రాశారా? వాళ్ళలాగే రాస్తారు. ఇందులో మందు పావే. పిసినారితనం చెయ్యకుండా ధారాళంగా రాయండి, మూడు పూటలా." తల్లులు డాక్టరు మాట కంటే ఈవిడ మాటే ఎక్కువ నమ్మేవారు. డాక్టరు రెండు నిమిషాలు చూస్తారు, ఈవిడ పిల్ల బుగ్గ పుణికి మరీ చెప్తుంది. నేను పక్కనే కూర్చుని ఆ మాట కొన్ని వందలసార్లు విన్నాను. ఒక్కసారైనా "నీకెందుకు వదినా" అనలేదు. నా వాటా కూడా చెప్పకపోతే ఈ కథ చెప్పే అర్హత నాకు లేదు.

ఏడు నెలల కిందట పాత ఉత్త క్రీము రావడం ఆగిపోయింది. చేసే కంపెనీ మూతపడిందట. స్టోరు గుమస్తా మూడు రకాలు నమూనాలు తెచ్చి వదిన బల్ల మీద పెట్టాడు. వదిన మూడూ వేళ్ళతో నలిపింది, ముంజేతి మీద రాసింది, మూడోదాన్ని చూసి మొహం చాటంత చేసుకుంది. పాతది బిరుసుగా ఉండేది, కలిపీ కలిపీ మణికట్టు లాగేసేది. ఇది వేలు తగిలితే చాలు జారిపోయింది, నిగనిగలాడింది. "ఇదే తెప్పించండి. ఇంత మెత్తటిది నా సర్వీసులో చూడలేదు," అని కాగితం మీద సంతకం పెట్టింది. నాక్కూడా కొంచెం రాసింది. నిజంగానే హాయిగా ఉంది.

ఇక మా మేనకోడలి సంగతి. వదినకి ఒక్కతే కూతురు. ఊళ్ళోనే అత్తవారిల్లు, బస్సులో అరగంట. దానికో పాప. నాలుగో నెలలో పాప బుగ్గలు పొడిబారి గరుకెక్కి, గీరుకుని గీరుకుని ఏడ్చేది. మా ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ చూసి పావు మందు రోజుకొకసారి, వారం రోజులు మాత్రమే అని రాసింది. మనవరాలి డబ్బా కదా, వదిన మరీ శ్రద్ధగా కలిపింది. ఇస్తూ ఆ పాత పాటే పాడింది. "వారమేంటే? తగ్గేదాకా రాయి. మూడు పూటలా రాయి. పావే."

మూడు రోజుల్లో బుగ్గలు పాలలా తెల్లబడ్డాయి. వదిన ఆ ఫోటో చూపించని మనిషి ఆస్పత్రిలో లేదు. పది రోజులు పోయాక మేనకోడలు ఫోను. "అమ్మా, మానేస్తే మళ్ళీ ఎర్రబడుతోంది. మొదట్లో కంటే ఎక్కువ మంట పెడుతోంది దానికి."

"మానెయ్యమని ఎవరన్నారు? రాయి."

మరో నెలకి మళ్ళీ ఫోను. "అమ్మా, రాస్తున్నా ఎర్రగానే ఉంటోంది. బుగ్గ మీద సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. ఈ మందు దానికి పడట్లేదేమో. మానేసి డాక్టరుకి చూపించనా?"

వదిన చేతిలో చాకు కింద పెట్టింది. "నా చేత్తో కలిపిన మందు పడకపోవడమేంటే? ఇన్ని వందలమంది పిల్లలకి పడింది, నీ పిల్లకే పడలేదా? రాయడం చేతకాక మందుని అంటున్నావు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే." ఆ పిల్ల ఫోను స్పీకరులో పెట్టుకుందని, పక్కన అత్తగారున్నారని ఈవిడకేం తెలుసు? తెలిసినా ఆగేది కాదనుకోండి. తర్వాత వారం వియ్యాలవారింటికి వెళ్ళినప్పుడు అందరి ముందూ ఆ మాటే మళ్ళీ అంది. "మా పిల్లకి చిన్నప్పట్నుంచీ ఏ పనీ కుదురుగా చేతకాదు వదినగారూ. మీరే కాస్త దగ్గరుండి రాయించండి." వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినగారూ అనే పిలుచుకుంటారు, మీరు తికమక పడకండి. ఈవిడ మావైపు వదిన, ఆవిడ వియ్యపురాలు.

వియ్యపురాలు దుర్మార్గురాలేం కాదు. గట్టి మనిషి. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. కన్నతల్లే కూతురికి చేతకాదని సర్టిఫికెట్ ఇచ్చాక ఆవిడ ఊరుకుంటుందా? పాప ఉయ్యాల తన గదిలోకి మార్చేసింది. ఈ సంగతి నాకెలా తెలిసిందంటే, ఒకరోజు మేనకోడలు మామూలు జనంతో పాటు టోకెన్ పట్టుకుని వరసలో నిలబడి నా కిటికీ దగ్గరికొచ్చింది.

"అత్తా, పాలు తాగే వేళకి నా ఒళ్ళో వేస్తారు. తాగడం అవగానే తీసేసుకుంటారు. నేను రాత్రిళ్ళు గోడకి చెవి ఆనించి దాని ఏడుపు వింటున్నాను."

"మీ ఆయనేమంటాడు?"

"అమ్మ చూసుకుంటోందిగా, నీకు తీరికే కదా అంటాడు."

వెనక ముప్ఫైమంది వరసలో ఉన్నారు. దాని డబ్బా దానికిచ్చి పంపించేశాను. ఆ పూట ఎవరేమడిగినా కసురుకున్నాను. మధ్యాహ్నం వదినకి చెప్తే ఏమందో తెలుసా? "మంచిదేగా. ఆవిడైనా సరిగ్గా రాస్తుంది." నాకు ఒళ్ళు మండిపోయింది. టిఫిను డబ్బా మూత అక్కడే విసిరికొట్టి లేచిపోయాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే గాజు పిల్ల వచ్చింది. అసలు పేరు వేరే ఉందిలెండి, ఎప్పుడూ గాజు పాత్రలతోనే పని కాబట్టి ఈ పేరు పెట్టింది వదినే. కొత్తగా చేరిన కెమిస్టు, పాతికేళ్ళుంటాయి, మాట మెల్లగా ఉంటుంది, పట్టు మాత్రం ఉడుంపట్టు. స్టోరు కాగితాలు తిరగేసి, "ఉత్త క్రీము మార్చారు కదా మేడమ్, మార్చాక పావు మందు పరీక్ష చేయించారా?" అని అడిగింది.

"పరీక్షకి నా వేళ్ళున్నాయి," అంది వదిన.

ఆ పిల్ల నవ్వి ఒక డబ్బా పట్టుకుపోయింది. ముందు మందు ఎంతుందో కొలిచింది. ఉండాల్సినంతే ఉంది, వందకి ఇరవై ఐదు పాళ్ళు, ఒక పిసరు కూడా తేడా లేదు. ఇంక చూడాలి వదిన వైభవం. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు నడిచింది. "ఇరవై రెండేళ్ళ చెయ్యి," అని కనబడినవాళ్ళందరికీ చెప్పింది.

"లెక్క సరే మేడమ్," అంది గాజు పిల్ల. "డబ్బాలో ఎంతుందో తెలిసింది. క్రీములోంచి ఎంత బయటికొస్తోందో ఇంకా చూడలేదు."

"ఉన్నదే వస్తుంది. లేనిది ఎక్కణ్ణించొస్తుంది?"

ఆ పిల్ల గదిలో ఆరు చిన్న గాజు పాత్రలున్నాయి. ఒక్కోటీ రెండంతస్తులు. కింద ద్రవం, దాని మీద పలచటి పొర, పొర మీద క్రీము. చుట్టూ గోరువెచ్చటి నీళ్ళు తిరుగుతుంటాయి, మన ఒళ్ళు పైన ఎంత వెచ్చగా ఉంటుందో అంతే వేడి. గంటకోసారి పక్క గొట్టంలోంచి సూదితో కొద్దిగా ద్రవం తీసి, పొర దాటి ఎంత మందు దిగిందో మిషనులో కొలుస్తుంది. పొద్దున్న మొదలెడితే సాయంత్రానికి తేలుతుంది. ఆ సాయంత్రం గాజు పిల్ల కాగితం పట్టుకుని వచ్చింది. దాని మీద రెండు గీతలు. ఒకటి ఘాటు క్రీముది, ఒకటి పావు మందుది. రెండూ ఒకదానిమీదొకటి ఎక్కి పోతున్నాయి.

"అంటే?" అన్నాను.

"అంటే పావు మందు పూర్తి మందంత దిగుతోందండీ."

వదిన ఆ కాగితం తిరగేసి చూసింది, తలకిందులుగా చూసింది. "నీ గాజు గిన్నెలు కడిగావా?" అని అడిగింది. మర్నాడు ఆ పిల్ల మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. వదిన కాలుగాలిన పిల్లిలా తిరిగింది ఆ రెండు రోజులూ. మందు కలుపుతూ మధ్యలో వదిలేసి నా దగ్గరికొచ్చి, "ఉన్నది పావైతే పూర్తి ఎలా దిగుతుందే?" అనేది. నాకేం తెలుసు? నేను టోకెన్లు పిలిచేదాన్ని.

మూడో రోజు వదిన ఒక ఎత్తు వేసింది. నాలుగు డబ్బాలు తీసుకుని పేర్లు లేకుండా అంకెలు మాత్రం వేసింది. ఏ అంకె ఏదో ఒక చీటీ మీద రాసి, మడిచి, నా పర్సులో పడేసింది. ఒకటి ఘాటు క్రీము. రెండు మామూలు పావు మందు. నాలుగు ఉత్త క్రీమే, మందు చుక్క లేదు. మూడో డబ్బా కోసం మాత్రం బీరువా అడుగున వెతికి, తన మడమల పగుళ్ళకి దాచుకున్న పాత కంపెనీ ఉత్త క్రీము తీసి, దాంతో పావు మందు కలిపింది. "దాని బుర్ర తిరగాలి. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటోంది, చూద్దాం నాలుగోది ఎక్కడ దాస్తుందో," అంది. ఆ పూట ఆవిడ మొహంలో సంతోషం చూసి నాకే భయమేసింది.

సాయంత్రం ఆ పిల్ల వచ్చి, ఏది ఏదో తెలియకుండానే చెప్పింది. "నాలుగో దాంట్లో మందే లేదు మేడమ్. ఒకటీ రెండూ ఒకేలా దిగుతున్నాయి. మూడోది బాగా తక్కువ, వాటిలో సగం కూడా లేదు. మూడోదేంటండీ? చాలా బాగుంది, చంటిపిల్లలకి అలాంటిదే కావాలి."

నేను పర్సులోంచి చీటీ తీసి చదివాను. మూడు: పాతది. వదిన నా చేతిలోంచి చీటీ లాక్కుని తను రాసిందే తను మళ్ళీ చదువుకుంది.

గాజు పిల్ల ఇంకేం మాట్లాడకుండా ఇద్దర్నీ తన గదికి తీసుకెళ్ళి భూతద్దం మిషనులో చూపించింది. పాత దాంతో కలిపిన మందులో సన్నటి రవ్వలు చల్లినట్టు కనిపించాయి. కొత్త దాంట్లో ఒక్క రవ్వ లేదు, అంతా తేటగా ఉంది.

"ఆ రవ్వలే మందు. కరక్కుండా ఉన్నాయి. కరిగిందే చర్మంలోకి దిగుతుంది మేడమ్. రవ్వ మెల్లగా కరిగితే మెల్లగా దిగుతుంది. ఘాటు క్రీములోనూ ఎక్కువ భాగం ఇలా రవ్వలే, కరిగిన కాస్తే దిగుతుంది. ఈ కొత్త ఉత్త క్రీములో మందుని కరిగించే ద్రావకం బాగా ఎక్కువుంది. మెత్తదనం, జారుడుతనం కూడా దాని వల్లే. అందుకే మొత్తం కరిగిపోయి, ఉన్న పావూ ఒక్క ఊపున దిగుతోంది."

నాకు అప్పటికి అర్థమైంది. కలకండ ముక్క బుగ్గన పెట్టుకోవడానికీ, పంచదార నీళ్ళు గడగడా తాగడానికీ ఉన్న తేడా. తీపి రెండిట్లోనూ అంతే. మందు అదే, పాళ్ళు అవే, కలిపిన చెయ్యి అదే. మారింది ఆ తెల్లది. దాన్ని ఏరికోరి తెప్పించింది మా వదిన. దాన్ని ధారాళంగా రాయమంది కూడా మా వదినే.

నేను కిటికీ దగ్గరికి వచ్చేశాను. కాసేపటికి చూస్తే వదిన గదిలో లేదు. బయట, రోగుల వరసలో, అందరికంటే చివర నిలబడి ఉంది. ఒక్కొక్కరే ముందుకి కదులుతుంటే తనూ కదులుతోంది. కిటికీ దాకా వచ్చి, చువ్వలు పట్టుకుని, "పాప మొహం నేనే పాడుచేశానే," అంది. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఇద్దరం చువ్వలకి అటూ ఇటూ నిలబడి ఏడ్చాం.

పిల్లల డాక్టరమ్మ ఫోనులో పాప ఫోటోలు పెద్దవి చేసి చూసింది. చర్మం ఉల్లిపొరలా అయిందంది. "ఒక్కసారిగా మానెయ్యకూడదు, మంట తిరగబెడుతుంది. తేలిక రకం రాసిస్తాను, మెల్లగా తగ్గిద్దాం. పాపని తీసుకురండి. చంటిపిల్లల చర్మం కోలుకుంటుంది, కానీ నెలలు పడుతుంది. కళ్ళ దగ్గర రాశారా లేదా చూడాలి." రాశారో లేదో మాకు తెలియదు. ధారాళంగా అంటే ఎంతదాకా వెళ్తుందో ఎవరికి తెలుసు?

సూపరింటెండెంటు గారు పావు మందు ఆపేయించారు. కొత్త క్రీముతో కలిపిన డబ్బాలు పట్టుకెళ్ళిన నలభై ఒక్క కుటుంబాలకీ పిల్లల్ని తీసుకొచ్చి చూపించమని, కొత్త డబ్బా ఇస్తామని ఫోను చేయించారు. ఎందుకన్నది మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నారు. "సరుకు మారింది అనండి, చాలు. ఎవరి పేరూ వద్దు." వదిన పేరు ఎక్కడా రాలేదు. ఆవిడ తప్పించుకుందనే చెప్పాలి.

కానీ మేనకోడలు తప్పించుకోలేదుగా! ఆ ఫోను వాళ్ళింటికీ వెళ్ళింది, కానీ సరుకు మారిందంటే వియ్యపురాలికి ఏం అర్థమవుతుంది? అక్కడ ఆ పిల్ల మెడలో తగిలించిన పలక అలాగే ఉంది, రాయడం చేతకాని తల్లి అని. తగిలించింది కన్నతల్లి. నేను ఉండబట్టలేక అన్నాను. "వదినా, వెళ్ళి చెప్పు."

"ఫోనులో చెప్తాలే దానికి."

"దానికి కాదు. ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు చెప్పు."

"వియ్యపురాలి ముందా? నా తల తీసి ఆవిడ చేతిలో పెట్టమంటావా? బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తి పొడుస్తుంది."

"పొడవనీ. నువ్వు నీ కూతుర్ని పొడవలేదా?"

ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలన్నీ దించి తోమిందట, మళ్ళీ సర్ది మళ్ళీ దించిందట. మా అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి, ఆయనే ఫోను చేసి, "మీ వదినకేమైందే, గోడలు కూడా కడిగేట్టుంది," అన్నాడు.

శనివారం పొద్దున్న మేనకోడలు నాకు ఫోను చేసింది. "అత్తా, రేపు మా అత్తయ్య పాపని తీసుకుని వాళ్ళమ్మాయి ఊరు వెళ్తున్నారు. నెల రోజులట. గాలి మార్పైతే తగ్గుతుందట, దగ్గరుండి రాస్తారట. నన్ను రావద్దన్నారు. పాలు మాన్పించి పోతపాలు అలవాటు చేస్తారట."

"ఆ డబ్బా పట్టుకెళ్తున్నారా?"

"మూడు డబ్బాలు సర్దారు. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే, తిరిగొచ్చాక చూపిద్దాంలే అన్నారు."

నేను ఆటో ఎక్కి వదినింటికి వెళ్ళి, గుమ్మంలోంచే ఆ మాటలు ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన తడి చేతులు తుడుచుకోలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నాకంటే ముందే వీధిలోకి నడిచింది. బస్సులో సీటుంది, కూర్చోలేదు. అరగంటా కమ్మీ పట్టుకుని నిలబడి, "ఏమని మొదలెట్టను?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. జీవితంలో ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు.

వియ్యాలవారి హాల్లో సగం సర్దిన సూట్‌కేసు నేలమీద తెరిచి ఉంది. వియ్యపురాలు సోఫాలో కూర్చుని పాపని ఒళ్ళో వేసుకుంది. మేనకోడలు పాప గౌన్లు మడతపెడుతోంది, వెళ్ళేది తను కాకపోయినా. అల్లుడు కిటికీ పక్కన ఫోను చూసుకుంటున్నాడు. పాప మా వైపు తిరిగింది. బుగ్గలు మెరుస్తూ ఎర్రగా ఉన్నాయి, సన్నటి గీతలు నాకు గుమ్మంలోంచే కనిపించాయి.

"రండి వదినగారూ. మంచి టైముకొచ్చారు, రేపు ప్రయాణం," అంది వియ్యపురాలు. "కూర్చోండి."

వదిన కూర్చోలేదు. "ఆ మందు రాయకండి. ఆ డబ్బాలు ఇలా ఇచ్చెయ్యండి. పాప మొహం అలా కావడానికి కారణం ఆ మందే."

"అదేంటి? మీరు కలిపిందేగా?"

"నేను కలిపిందే. అది పావు మందు కాదు, పూర్తి మందులా పనిచేస్తోంది. ఉత్త క్రీము మారింది. మార్పించింది నేనే. డాక్టరు వారం రోజులు ఒక్కపూట రాయమంటే, మూడు పూటలా ఎన్నాళ్ళైనా రాయమన్నదీ నేనే. మా పిల్ల నాలుగైదుసార్లు చెప్పింది, మందు పడట్లేదని. నేను వినలేదు."

అల్లుడు ఫోను దించాడు. వియ్యపురాలు కనుబొమలు ముడిచింది. "రాయడం చేతకాదని మీరేగా అన్నది? ఇదిగో, ఈ సోఫాలోనే కూర్చుని అన్నారు."

"అన్నాను." వదిన కూతురి వైపు తిరిగింది. "అబద్ధం అన్నాను. నా చెయ్యి తప్పు చెయ్యదని పొగరుతో అన్నాను. అది చక్కగానే రాసింది. నేను చెప్పినట్టే రాసింది, అందుకే ఇలా అయింది. దాని తప్పు ఏమీ లేదు. తప్పు నాది."

నేను డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం తీసి టీపాయ్ మీద పెట్టాను. సోమవారం పాపని తీసుకెళ్ళాలని, ఒక్కసారిగా మానకూడదని, తేలిక మందుతో మెల్లగా తగ్గించాలని చెప్పాను. నా మాటలు ఎవరూ విన్నట్టు లేదు. వియ్యపురాలు పాప మొహం వైపు చూస్తోంది. ఎత్తిపొడుపు వస్తుందని నేను కాచుకుని ఉన్నాను. రాలేదు.

"నేను ఐదుసార్లు రాశాను," అంది మెల్లగా. "రోజుకి ఐదుసార్లు. పావే అన్నారుగా. దానికి చేతకాలేదు కాబట్టి నేను ఇంకాస్త ఎక్కువ... కళ్ళ కింద కూడా." ఆవిడ చెయ్యి పాప బుగ్గ దాకా వెళ్ళి, తాకకుండా ఆగిపోయింది.

మేనకోడలు మడతపెడుతున్న గౌను కింద పెట్టింది. లేచి వచ్చి అత్తగారి ఒళ్ళోంచి పాపని తీసుకుంది. అడగలేదు, లాక్కోనూ లేదు. ఆవిడ చేతులు వాటంతటవే విడిచాయి. పాపని భుజాన వేసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మా ఎవరి వైపూ చూడలేదు.

వదిన వెనకాలే పోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని తలుపు దాకా వెళ్ళింది కానీ కొట్టలేదు. లోపల పాప సన్నగా ఊఁ ఊఁ అంది.

"అమ్మా," అంది మేనకోడలు లోపల్నుంచి.

"ఆఁ, తల్లీ."

"ఆ మాట ఇంకోసారి చెప్పు."

వదిన తలుపుకి నుదురు ఆనించింది. "తప్పు నాదమ్మా. నీది కాదు. మొదట్నుంచీ నువ్వు చెప్పిందే నిజం."

"ఇంకోసారి," అంది ఆ పిల్ల. "గట్టిగా చెప్పు. ఆయనకి కూడా వినపడాలి."

వదిన గట్టిగా చెప్పింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పింది. ఎన్నిసార్లు అడిగిందో నేను లెక్కపెట్టలేదు. అడిగినన్నిసార్లూ చెప్పింది.